1978 నాటి ట్యాంకు, అరిగిపోయిన ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) పైపులు: డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: జోన్4ఏఈ

సాగర్ కుడి కాలువ నీళ్ల మీద ఆధారపడ్డ పట్టణం. అందులో ఒక జోను గురించి అడుగుతున్నాను. జనాభా 24,000. కుళాయిలు 5,200. ట్యాంకు 1978లో కట్టిన ఆర్‌సీసీ ఓవర్‌హెడ్, 10 లక్షల లీటర్లు, స్టేజింగ్ (స్తంభాల ఎత్తు) 15 మీటర్లు. లోపల డోము అడుగున పెచ్చులు రాలి కమ్మీలు బయటపడ్డాయి. రెండు స్తంభాలకు నిలువు పగుళ్లున్నాయి.

పంపిణీ లైన్లు 31 కి.మీ. అందులో ముప్పాతిక వంతు ఏసీ, మిగతాది పాత సీఐ (పోత ఇనుము), కొంచెం పీవీసీ. నేల చాలామటుకు నల్లరేగడి. ట్యాంకుకు ఎక్కించే పంపు గంటకు 1.6 లక్షల లీటర్లు ఇస్తుంది, ట్యాంకు నిండగానే ఆపేస్తారు. ఫిల్టర్ బెడ్ల దగ్గర నీటికి కొరత లేదు, కాలువ కట్టేసిన రోజుల్లో తప్ప. పొద్దున 2 గంటలు నీళ్లు వదులుతారు. చివరి వీధులకు అరగంట కూడా అందవు. వానాకాలంలో రంగు, వాసన ఫిర్యాదులు పెరుగుతాయి.

పాతది కూల్చి 15 లక్షల లీటర్ల కొత్త ట్యాంకు కట్టాలని కౌన్సిల్ పట్టు. అన్ని పనులకూ సరిపడా నిధులు ఒకేసారి రావు. ట్యాంకు ముందా, పైపులు ముందా? పాత ట్యాంకు బాగు చేస్తే నిలుస్తుందా అన్నది దేన్ని బట్టి తేల్చాలి? ఏసీ లైన్లు మొత్తం తీయాలా?

జవాబు 1: నీటిలెక్క

ట్యాంకు సంగతి పక్కన పెట్టి, మీరిచ్చిన అంకెలే ముందు చూద్దాం.

మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 24,000 మందికి 32.4 లక్షల లీటర్లు కావాలి. 15 శాతం నష్టం కలుపుకుంటే 38 లక్షలు. ఇప్పుడు మీరు వదులుతున్నది ఎంత? ట్యాంకులో ఉన్న 10 లక్షలు, ఆ 2 గంటల్లో పంపు ఎక్కించే 3.2 లక్షలు, మొత్తం 13.2 లక్షలు. తలకు 55 లీటర్లు. అదే పంపు 20 గంటలు నడిస్తే 32 లక్షలు ఇవ్వగలదు. అంటే నీళ్లూ ఉన్నాయి, పంపూ ఉంది. ట్యాంకు నిండిపోయి పంపు ఆగిపోతోంది, ఎందుకంటే నీళ్లు వదిలేది 2 గంటలే.

ఇక పైపుల వైపు. 13.2 లక్షల లీటర్లు 2 గంటల్లో పోవాలంటే సెకనుకు 183 లీటర్లు. 50,000 లోపు జనాభాకు కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ లెక్కలో గరిష్ఠ ప్రవాహం సగటుకు 3 రెట్లు, మీకు సెకనుకు 112 లీటర్లు. పైపులు సరిగ్గా ఈ లెక్కకే వేశారనుకున్నా, ఇప్పుడు వాటి మీద పడుతున్నది 1.6 రెట్లు. ప్రవాహం 1.6 రెట్లయితే రాపిడి నష్టం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. 15 మీటర్ల ఎత్తు దారిలోనే కరిగిపోతుంది. చివరి వీధికి నీళ్లు రాకపోవడానికి అసలు కారణం ఇదే. 15 లక్షల ట్యాంకు కట్టి అవే 2 గంటలు వదిలితే సెకనుకు 250 లీటర్లు పోవాలి. ఆ పైపుల్లోంచి అన్ని నీళ్లు పోనే పోవు. ట్యాంకు దగ్గరి ఇళ్లకు ఇంకో రెండు బిందెలు ఎక్కువ దొరుకుతాయి, అంతే.

అదే 10 లక్షల ట్యాంకుతో 6 గంటలు వదిలి చూడండి. 10 లక్షలకు పంపు ఇచ్చే 9.6 లక్షలు కలిస్తే 19.6 లక్షలు, తలకు 80 లీటర్ల పైన. ప్రవాహం మాత్రం సెకనుకు 91 లీటర్లే, 112 లోపే. కొత్త ట్యాంకు లేకుండా, కొత్త పైపు లేకుండా.

అయితే రేపే 6 గంటలు వదలమని నేను చెప్పను. లీకేజీ అడ్డం వస్తుంది. 15 మీటర్ల ఒత్తిడిలో 3 మి.మీ. బొక్క నుంచి గంటకు 260 లీటర్లు పోతాయి. 5,200 కనెక్షన్లలో పదింట ఒకదానికి అలాంటి బొక్క ఒకటుందనుకోండి: గంటకు 1.35 లక్షల లీటర్లు. మీ పంపు ఇచ్చేది 1.6 లక్షలు. 2 గంటల సరఫరాలో ఈ నష్టం 2.7 లక్షలతో ఆగుతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. 6 గంటలకు 8 లక్షలు, రోజంతా వదిలితే 32 లక్షలు, పంపు రోజుకు ఎక్కించగలిగినదంతా. గంటలు పెంచి ట్యాంకు ఖాళీ అయ్యేసరికి భయపడి మళ్లీ పాత పద్ధతికి పోయిన ఊళ్లలో జరిగేది ఇదే.

కాబట్టి వరస: కొలత, ఇంటి కనెక్షన్లు, సరఫరా గంటలు, ఆ తరవాత ఏ లైన్లు మార్చాలో తేల్చడం. ట్యాంకుది భద్రత సమస్య, దాన్ని వీటితో ముడిపెట్టకుండా వెంటనే చూడాలి. రోజు అవసరంలో మూడో వంతు నిల్వ ఉండాలన్న మోటు లెక్క ప్రకారం 12.7 లక్షలు వస్తుంది. పంపు 20 గంటలు నడిస్తే అంత అక్కర్లేదు. గంటగంటకూ వచ్చిన నీళ్లు, పోయిన నీళ్లు కూడి చూస్తే 10 లక్షలతో సర్దుకునే అవకాశం ఎక్కువ. ఆ పట్టిక వేయకుండా 15 లక్షలకు ఎస్టిమేటు రాయకండి.

జవాబు 2: కాంక్రీటువైద్యం

పరీక్షల దాకా ఆగకుండా ట్యాంకు మట్టాన్ని సగానికి తగ్గించండి. స్తంభానికి నిలువు పగులంటే మెయిన్ కమ్మీ వెంబడి తుప్పు ఉబ్బి కవరును నెట్టేస్తోందని అర్థం. డోము పెచ్చులు చూసి అందరూ కంగారు పడతారు గానీ అది కూలితే ట్యాంకులోనే పడుతుంది. స్తంభం అలా కాదు. ట్యాంకు కింద ఆఫీసు గానీ, షెడ్డు గానీ, కూరల బండ్లు గానీ ఉంటే ఇవాళే ఖాళీ చేయించండి.

డోము అడుగే ముందు ఎందుకు పాడవుతుందంటే, నీటి మట్టానికి పైన ఎప్పుడూ ఆవిరి, క్లోరిన్ వాయువు, గాలి మూడూ ఉంటాయి. నీళ్లలో మునిగి ఉన్న గోడకు గాలి అందదు కాబట్టి అది చాలా ఏళ్లు నిలుస్తుంది. అందుకే లోపలి గోడ చూసి ‘ట్యాంకు బాగానే ఉంది’ అని సర్టిఫికెట్ రాసే వాళ్లను నమ్మొద్దు.

చేయించాల్సినవి: ప్రతి స్తంభానికీ అడుగు భాగం, బ్రేసు (స్తంభాలను కలిపే అడ్డదూలం) కలిసే చోటు, పోత ఆపి మళ్లీ మొదలెట్టిన జాయింటు, ఈ మూడు చోట్లా అల్ట్రాసోనిక్ వేగం (కాంక్రీటులో ధ్వని తరంగం పోయే వేగం). సెకనుకు 3.5 కి.మీ.కు తగ్గితే అనుమానమే, అక్కడ కోర్ (గుండ్రటి కాంక్రీటు ముక్క) తీసి నలిపి చూడాలి. హాఫ్‌సెల్ పరీక్షలో (కమ్మీ వోల్టేజి కొలిచేది) కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే తుప్పు నడుస్తోందని 90 శాతానికి పైగా అనుకోవచ్చు. చిన్న ముక్క చెక్కి ఫినాల్ఫ్తలీన్ చల్లండి. గులాబీ రంగు వస్తే కాంక్రీటుకు క్షారగుణం మిగిలి ఉంది. రంగు రాని లోతు కమ్మీ దాకా చేరితే కవరు ఇక కమ్మీని కాపాడదు. రెండు మూడు చోట్ల కమ్మీ బయటపెట్టి, తుప్పు గీకి, వెర్నియర్‌తో వ్యాసం కొలవండి. రిపోర్టులో నేను ముందు చూసేది ఈ కొలతే. వైశాల్యంలో ఐదో వంతు పోయి ఉంటే అదనపు కమ్మీ కట్టకుండా మోర్టారు పూసి లాభం లేదు.

నిలుపుకోవాలా, కూల్చాలా? స్తంభాల కోర్ బలం డిజైన్ గ్రేడుకు దగ్గరగా ఉండి, కమ్మీ నష్టం కొన్ని చోట్లకే పరిమితమైతే జాకెటింగ్ చేసి (చుట్టూ కొత్త కాంక్రీటు తొడిగి) నిలుపుకోవచ్చు. సగానికి పైగా స్తంభాల్లో అడుగు నుంచి పైదాకా తుప్పు ఉంటే కూల్చడమే చవక. భూకంపం లెక్క మరచిపోకండి. 1978 ట్యాంకుకు డక్టైల్ డీటైలింగ్ (భూకంపానికి పెళుసుగా విరగకుండా కమ్మీ కట్టే పద్ధతి) ఉండదు, ఆ కోడ్ ఐఎస్ 13920 వచ్చింది 1993లో. రింగుల దూరం 200, 250 మి.మీ. ఉంటుంది, కొక్కెం 90 డిగ్రీలే వంచి ఉంటారు. ఐఎస్ 1893 పాత మ్యాపులో హైదరాబాద్ రెండో జోను, ఒంగోలు, విజయవాడ మూడో జోను. మీది కోస్తా వైపు కాబట్టి ఐఎస్ 1893 రెండో భాగంతో ట్యాంకు నిండినప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు విడివిడిగా సరిచూడాలి.

మరమ్మతు వరస తప్పితే డబ్బు వృథా. వదులు కాంక్రీటును కమ్మీ వెనక 20–25 మి.మీ. దాకా చెక్కాలి. కమ్మీ ముందు భాగం మాత్రమే తుడిచి పూస్తే వెనక వైపు తుప్పు ఆగదు, రెండేళ్లలో అదే చోట మళ్లీ పెచ్చు లేస్తుంది. తరవాత గ్రిట్ బ్లాస్టింగ్, జింక్ ప్రైమర్. తక్కువ మందానికి పాలిమర్ మోర్టారు, ఒక్కో పొర పలచగా. స్తంభాలకైతే ఐఎస్ 15988 ప్రకారం కనీసం 100 మి.మీ. జాకెట్. కొత్త నిలువు కమ్మీలు పునాదిలోకి, బ్రేసుల దగ్గర ఆగకుండా పైకి పోవాలి. బ్రేసు దగ్గర కమ్మీ తెంపేసిన జాకెట్ అలంకారమే తప్ప బలం కాదు. లోపలి పూతకు తాగునీటికి పనికొస్తుందన్న పరీక్ష సర్టిఫికెట్ అడగండి. ఎపాక్సీ అయితే పూర్తిగా ఆరి, గాలి ఆడాకే నీళ్లు నింపాలి.

చివర్లో పరీక్ష: నిండా నింపి 7 రోజులు పీల్చుకోనిచ్చి, తరవాతి 7 రోజులు బయటి వైపు పొడిగా ఉందా చూడాలి. ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఐఎస్ 3370 అడిగేది ఇదే. బిల్లు ఆ 14 రోజుల తరవాతే పెట్టాలని టెండరులోనే రాయండి.

ఎలాగూ ఖాళీ చేస్తారు కాబట్టి పైపులు కూడా సరిచేయండి. ఇన్‌లెట్, అవుట్‌లెట్ పక్కపక్కనే ఉంటే అవతలి వైపు నీళ్లు రోజుల తరబడి కదలవు, క్లోరిన్ చచ్చిపోతుంది. రెండూ ఎదురెదురుగా ఉండాలి. అవుట్‌లెట్ మూతి నేలకు 150 మి.మీ. పైన, జాలీతో. ఓవర్‌ఫ్లోకు దోమతెర. లోపలికి మనిషి దిగే ముందు రెండు మ్యాన్‌హోళ్లూ తెరిచి గాలి ఆడించి, ఆక్సిజన్ 19.5 శాతం పైన ఉందని మీటరులో చూసి, నడుముకు తాడు కట్టి, పైన ఇంకో మనిషిని పెట్టాకే దించాలి.

జవాబు 3: వాల్వుతాళం

పై ఇద్దరితో ఏకీభవిస్తూ పైపుల పని చెప్తాను. ఇది పొడుగు అవుతుంది.

ముందు జోనును మూడు ముక్కలు చేయండి, ఒక్కోటి 1,700 కనెక్షన్ల చొప్పున. డీఎంఏ (నీళ్లు విడిగా కొలిచే ముక్క) అనేది దీన్నే, 500 నుంచి 3,000 కనెక్షన్ల మధ్య ఉంటే పని చేయడానికి వీలు. ప్రతి ముక్కకూ నీళ్లు వచ్చే దారి ఒక్కటే ఉండాలి. ఆ దారిలో ఎలక్ట్రోమాగ్నెటిక్ మీటరు, ముందు 5 వ్యాసాలు, వెనక 3 వ్యాసాల తిన్నని పైపు, ఒత్తిడి రాసే లాగర్. 2024లో వచ్చిన కొత్త మాన్యువల్ కూడా 24 గంటల సరఫరాకు ఈ పద్ధతినే పునాదిగా తీసుకుంది.

సరిహద్దు దగ్గర పాత స్లూయిస్ వాల్వు మూశామని సంతృప్తి పడొద్దు. గేటు కింద రాయో, తుప్పు పెళ్లో ఇరుక్కుని ఉంటుంది. వాల్వ్‌మన్ తాళం బిగుసుకునేదాకా తిప్పినా నీళ్లు అవతలికి జారుతూనే ఉంటాయి. పైపు కోసి బ్లాంక్ ఫ్లాంజి బిగించండి. తరవాత సున్నా పరీక్ష: ఆ ముక్కకు వచ్చే దారి మూసి, పక్క ముక్కల్లో నీళ్లు నడిపించి, లోపల ఒత్తిడి సున్నాకు పడుతుందా చూడాలి. పడకపోతే ఎవరికీ తెలియని కలుపు లైను ఒకటి ఎక్కడో ఉంది. పాత ఊళ్లలో ఉండకపోవడమే అరుదు. ఇలా కోసిన చివర్లలో నీళ్లు నిలవ ఉండి కంపు కొడతాయి కాబట్టి ప్రతి చివరకూ ఒక స్కవర్ వాల్వు (నిలవ నీళ్లు బయటికి వదిలేది).

2 గంటల సరఫరాలో రాత్రి కనిష్ఠ ప్రవాహం కొలవడం కుదరదు కదా అంటారు. ముందే దండోరా వేసి, ఒక రాత్రి 10 నుంచి పొద్దున 4 దాకా నీళ్లు వదలండి. ఒంటిగంటకల్లా సంపులు, మేడమీది ట్యాంకులు నిండుతాయి. 2 నుంచి 4 మధ్య మీటరులో నడిచేది చాలావరకు లీకేజీ. ఫ్లోట్ వాల్వు లేని సంపులు పొర్లుతూనే ఉంటాయి, అవి కూడా ఇందులో కలుస్తాయి, ఫిట్టర్లను వీధులు తిప్పి గుర్తించండి. అప్పుడు ఒక్కో వీధి వాల్వు వరసగా మూస్తూ మీటరు ఎక్కడ దబ్బున పడిందో రాసుకుంటే నష్టం ఏ వీధిలో ఉందో తెల్లారేసరికి తేలుతుంది. సౌండింగ్ రాడ్డు (లీకు శబ్దం వినే కడ్డీ) సీఐ మీద బాగా పనిచేస్తుంది, ఏసీ మీద సగం, పీవీసీ మీద దాదాపు శూన్యం. వాటి మీద శబ్దం పట్టే యంత్రాలు కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇంటి కనెక్షన్లు. రంగు, వాసన ఇక్కడినుంచే. పాత జీఐ (జింకు పూత ఇనుము) పైపు మురుగు కాలువలోంచి పోతుంది, ఆరేడేళ్లకు అడుగున బొక్క పడుతుంది. సరఫరా ఉన్నంతసేపు నీళ్లు బయటికి కారతాయి. ఆపగానే పైపు ఖాళీ అయి కాలువ నీళ్లను పీల్చుకుంటుంది. మరుసటి పొద్దున మొదటి పది నిమిషాల నీళ్లలో వచ్చేది అదే. ఇంట్లో నేరుగా లైనుకు మోటారు పెట్టి లాగితే పీల్పు ఇంకా ఎక్కువ. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో మురుగు కలిసిన కుళాయి నీళ్లు ప్రాణాలు తీశాయి. ట్యాంకులు ఎంత పెద్దవన్నది అక్కడ అక్కరకు రాలేదు.

ఒక్కో కనెక్షనుకు కావాల్సినవి: మెయిన్ సైజుకు తగ్గ సాడిల్ (మెయిన్ చుట్టూ బిగించే పట్టు), స్టెయిన్‌లెస్ పట్టీతో, 15 మి.మీ. ఇత్తడి ఫెర్రూల్ (మెయిన్ నుంచి నీళ్లు తీసే ముక్కు), 20 మి.మీ. నీలిరంగు ఎండీపీఈ (ప్లాస్టిక్) పైపు; ఇంటి గోడ దగ్గర బాల్ వాల్వు, నాన్ రిటర్న్ వాల్వు, మీటరు. ఫెర్రూల్ నుంచి గోడ దాకా మధ్యలో ఒక్క జాయింటు కూడా ఉండకూడదు. కాలువ దాటే చోట పైన కేసింగ్ పైపులో పోవాలి, కాలువ లోపల కాదు. ఫెర్రూల్ దగ్గర పైపును కాస్త వంపుగా వదలండి, నల్లరేగడి ఎండాకాలం బిగిసి వానాకాలం ఉబ్బుతుంది, లాగి బిగించిన పైపు ఆ కదలికకు ఊడొస్తుంది. కంప్రెషన్ ఫిట్టింగులో పైపును అడ్డదిడ్డంగా హ్యాక్సా బ్లేడుతో కోసి దూర్చడం అతి మామూలు తప్పు. రింగు చెదిరి, ఆ నెలలోనే కారుతుంది. పైపు కట్టర్ ప్రతి జట్టుకూ ఒకటి ఇవ్వండి, ఖరీదు ఎంతో కాదు.

ఏసీ లైన్లు: మొత్తం ఒకేసారి తీయక్కర్లేదు. గత రెండు మూడేళ్ల పగుళ్ల రిజిస్టరు తీసి వీధివారీగా కి.మీ.కు ఎన్నో లెక్కేయండి. ఎక్కడ మరమ్మతు చేసినా ఒక ముక్క దాచి, కోసిన అంచు మీద ఫినాల్ఫ్తలీన్ చల్లండి. కాంక్రీటుకు చెప్పిన పరీక్షే. రంగు రాని మందమంతా సున్నం కరిగిపోయి మెత్తబడిన గోడ. సగం మందం పోయిన వీధి ముందు వరసలోకి. రేగడి నేలలో ఏసీ ఎక్కువగా అడ్డంగా విరుగుతుంది, నిలువుగా చీలితే ఒత్తిడి సమస్య. ఈ తేడా కూడా రిజిస్టరులో రాయించండి.

మార్చే చోట 100 మి.మీ. నుంచి పైకి డీఐ (డక్టైల్ ఇనుము), ఐఎస్ 8329. జాయింటు కొంచెం వంగుతుంది కాబట్టి రేగడికి తట్టుకుంటుంది. కింద 150 మి.మీ. ఇసుక పరుపు, పైపు మీద 300 మి.మీ. దాకా రాళ్లు లేని మన్ను. ఉప్పు నేల అయితే పాలిథీన్ తొడుగు. వంపుల దగ్గర థ్రస్ట్ బ్లాక్ (నెట్టుడును ఆపే కాంక్రీటు దిమ్మ) ఎగ్గొట్టే కాంట్రాక్టర్లకు ఈ లెక్క చూపించండి: 200 మి.మీ. డీఐ బయటి వ్యాసం 222 మి.మీ. పరీక్ష ఒత్తిడి చ.సెం.మీ.కు 10 కిలోలయితే చివరి మూత మీద 3.9 టన్నులు, 90 డిగ్రీల వంపు మీద 5.5 టన్నులు నెడుతుంది. రెండు ఇటుకలు ఆనించి మన్ను కప్పితే పరీక్ష రోజే జాయింటు విప్పుకుంటుంది. డీఐ లోపలి సిమెంటు పూత నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి ఒకరోజు నిండుగా ఉంచి, గాలి పూర్తిగా తీసేశాకే ఒత్తిడి పరీక్ష. లేకపోతే లీకు లేకపోయినా గేజి ముల్లు పడుతుంది, లేనిపోని తవ్వకాలు.

కొత్త లైను నడపడానికి ముందు క్లోరిన్. 200 మి.మీ. పైపు 1 కి.మీ.లో 31,400 లీటర్లు పడతాయి. లీటరుకు 50 మి.గ్రా. చొప్పున 1.57 కిలోల క్లోరిన్ కావాలి. గోదాములో మూలుగుతున్న బ్లీచింగ్ పౌడరులో 25 శాతమే మిగిలిందనుకుంటే 6.3 కిలోలు. బకెట్లో కలిపి తేటను మాత్రమే ఎక్కించండి. పొడి నేరుగా పోస్తే సున్నం అడుగున పేరుకుంటుంది. 24 గంటలు ఉంచి, కడిగి, ఆ నీళ్లు చేపల చెరువులోకి పోకుండా చూడండి.

ఆఖరుగా, పాత లైనును చంపడం. కొత్తది వేసి పాతదానికి కూడా నీళ్లు వదిలేస్తే (సగం కనెక్షన్లు ఇంకా దాని మీదే ఉన్నాయన్న సాకుతో) లీకేజీ తగ్గదు, పెరుగుతుంది. వీధి పూర్తయిన రోజే పాత పైపు రెండు చివర్లూ కోసి మూయాలి. ‘పాత లైను మూసివేత’ అని బిల్లులో వేరే ఐటమ్ లేకపోతే ఎవరూ చేయరు.

జోన్4ఏఈ

ముగ్గురికీ ధన్యవాదాలు సార్. 10 లక్షల సంగతి ఇలా ఎప్పుడూ చూడలేదు. ఇంకో మూడు అడగాలి. ట్యాంకు మరమ్మతుకు ఖాళీ చేస్తే సరఫరా ఎలా? పంపు నుంచి నేరుగా లైనులోకి ఇస్తే సరిపోతుందని మా ఫిట్టర్లు అంటున్నారు. ఆస్‌బెస్టాస్ నీళ్లు తాగితే క్యాన్సరని వార్డుల్లో గొడవ, దానికేం చెప్పాలి? కాలువ కట్టేసినప్పటి నిల్వ చెరువు గురించి కూడా ఎవరైనా చెప్తే మేలు.

జవాబు 4: నీటిలెక్క

నేరుగా ఇవ్వకండి. ఆ పంపు ట్యాంకు పై మట్టానికి ఎక్కించడానికి ఎంచినది. వాడకం తగ్గిన వేళ దాని ఒత్తిడి అంతా లైను మీదికి వస్తుంది. 45 ఏళ్ల ఏసీ పైపు ఇన్నాళ్లూ ట్యాంకు మట్టానికి మించి ఒత్తిడి చూసి ఉండదు. మొదటి రాత్రే నాలుగైదు చోట్ల పగులుతుంది. కరెంటు పోతే ఇంకో చిక్కు: పంపు ఒక్కసారిగా ఆగి లైనులో పీల్పు పుడుతుంది, మురుగు లోపలికి వస్తుంది.

నేల మీద బోల్టులతో బిగించే జింక్ అల్యూమినియం స్టీలు ట్యాంకు ఒకటి పెట్టి, దాన్నుంచి వేగం మార్చే డ్రైవ్ ఉన్న పంపులతో ఇవ్వండి. సెకనుకు 91 లీటర్లు, 20 మీటర్ల హెడ్: 15 కిలోవాట్లవి రెండు నడుస్తూ, ఒకటి అదనంగా. ఒత్తిడి 18 మీటర్లకు మించకుండా డ్రైవ్‌లో కట్టేయండి. పంపుల పక్కనుంచి నాన్ రిటర్న్ వాల్వుతో ఒక బైపాస్ పైపు పెడితే, కరెంటు పోయినప్పుడు నేల ట్యాంకులోని నీళ్లే లైనులోకి జారి పీల్పు చాలావరకు తగ్గుతుంది. జనరేటర్ ఉంది కదా అనొద్దు, అది అందుకునేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. మరమ్మతు అయ్యాక ఆ స్టీలు ట్యాంకును ఎత్తు వీధుల వైపు శాశ్వతంగా వాడుకోవచ్చు.

జవాబు 5: వాల్వుతాళం

ఆస్‌బెస్టాస్ సంగతి. ప్రమాదం ఊపిరితో లోపలికి పోయే ధూళిది. తాగే నీటిలోని పోగుల వల్ల హాని ఉందని నిలకడైన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, నీటికి పరిమితి అంకె కూడా పెట్టలేదు. వార్డుల్లో ఈ మాటే సూటిగా చెప్పండి.

భయపడాల్సింది మీ ఫిట్టర్ల గురించి. ఏసీ పైపును గ్రైండర్ చక్రంతో పొడిగా కోయడం వెంటనే ఆపించండి. చేతి రంపం లేదా గొలుసు కట్టర్, కోసినంతసేపు నీళ్లు పోస్తూ, మంచి మాస్కుతో. ఫెర్రూల్ బొక్క వేసేటప్పుడూ అంతే. తీసిన ముక్కలను మందపాటి పాలిథీన్‌లో చుట్టి చీటీ అంటించాలి, రోడ్డు గుంతల్లో పోసి తొక్కించకూడదు. కదపాల్సిన పని లేని పైపును భూమిలోనే వదిలేసి చివర్లు మూయడం మేలు.

జవాబు 6: కాలువగట్టు

నిల్వ చెరువు మీద క్లుప్తంగా. ముందు పడవ మీద ఎకో సౌండర్‌తో లోతులు తీయించి, కాగితం మీది సామర్థ్యానికీ ఇప్పటిదానికీ తేడా చూడండి. పూడిక ఎప్పుడూ కాలువ నీళ్లు పడే మూలలో ఎక్కువ, అక్కడే తీస్తే సగం పని.

వెడల్పు పెంచే ప్రతిపాదన వస్తే వద్దనండి. 50 ఎకరాల చెరువు నుంచి ఎండాకాలం రోజుకు 6 మి.మీ. ఆవిరైతే 12 లక్షల లీటర్లు. అది 9,000 మంది నీళ్లు. విస్తీర్ణం పెంచితే ఆవిరీ పెరుగుతుంది, లోతు పెంచితే పెరగదు. కానీ లోతు తవ్వేటప్పుడు అడుగున పరిచిన బంకమట్టి పొరను పొక్లెయిన్ చీల్చేస్తే ఊట మొదలవుతుంది, ఆవిరి కన్నా అదే ఎక్కువ తినేస్తుంది. తవ్వే ముందు ప్రతి 50 మీటర్లకూ చిన్న గుంత తీసి బంకమట్టి మందం రాసుకోవాలి. 30 సెం.మీ. కన్నా తక్కువున్న చోట యంత్రం దించొద్దు.

నీళ్లు తీసుకునే గోపురానికి ఒకే మట్టంలో గేటు ఉంటే రెండు మూడు మట్టాల్లో పెట్టించండి. ఏప్రిల్, మే నెలల్లో పైన ఆకుపచ్చ నాచు, అడుగున కుళ్లు నీళ్లు, మధ్యలో కాస్త మంచివి. నాచు నీళ్లు ఫిల్టరుకు పోతే ఇసుక బెడ్లు మామూలుకన్నా చాలా ముందే మూసుకుపోతాయి, క్లోరిన్ కూడా దానికే ఖర్చయిపోతుంది. అందుకే ఆ రెండు నెలలు చివరి వీధి కుళాయి దగ్గర మిగిలిన క్లోరిన్ రోజూ చూడాలి, లీటరుకు 0.2 మి.గ్రా. తగ్గకూడదు. ట్యాంకు కింద చూసి 1.0 ఉందని రిజిస్టరులో రాస్తే చివరి వీధి సంగతి తెలియదు. పసుపు రంగు చూపే పాత టాలిడిన్ మందు బదులు గులాబీ రంగు చూపే డీపీడీ మాత్రలు తెప్పించుకోండి. టాలిడిన్ విషతుల్యం, పైగా నీటిలోని ఇతర పదార్థాలతో కలిసిపోయిన క్లోరిన్‌నూ విడిగా మిగిలిన క్లోరిన్‌నూ కలిపేసి ఎక్కువ చూపిస్తుంది.